ఇంట్లో రథసప్తమి పూజ ఎలా చేసుకోవాలి

మాఘ శుద్ధ సప్తమిని రథసప్తమి అంటాము. అదితి కశ్యపులకు సూర్యుడు జన్మించిన రోజుగా దీనిని సూర్య జయంతి అని కూడా వ్యవహరిస్తారు. మిగిలిన పండుగల పూజలు చాలావరకు ఇంటి లోపల, దేవుని గదిలో, మనకు వీలైన వేళకు జరుగుతాయి. ఈ పూజ మాత్రం ఆరుబయట, తూర్పు ముఖంగా, సూర్యుడు వచ్చే వేళకు జరగవలసినది. సూర్యోదయానికి ముందు గంటన్నర, తరువాత గంట కలుపుకుంటే పూజ మొత్తం ముగుస్తుంది. అందుచేత ముందురోజు సాయంత్రం ఎంత శ్రద్ధగా సిద్ధమైతే మరునాటి ఉదయం అంత ప్రశాంతంగా గడుస్తుంది.

తిథిని, వేళను ముందుగా చూసుకోండి

ఈ పండుగ చాంద్రమాన తిథిని బట్టి వస్తుంది కనుక ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది. 2024లో ఫిబ్రవరి 16న, 2025లో ఫిబ్రవరి 4న, 2026లో జనవరి 25న వచ్చింది. సప్తమి తిథి రెండు రోజుల్లో విస్తరించి ఉన్నప్పుడు, అరుణోదయ వేళకు సప్తమి ఉన్న రోజునే స్నానానికి తీసుకుంటారు. అరుణోదయమంటే సూర్యోదయానికి నాలుగు ఘడియల ముందు సమయం. ఘడియకు 24 నిమిషాలు కనుక అది 96 నిమిషాలు. మీ ఊళ్లో సూర్యోదయం 6 గంటల 40 నిమిషాలకు అయితే అరుణోదయం 5 గంటల 4 నిమిషాలకు మొదలవుతుంది.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త అవసరం. పంచాంగంలో ముద్రించిన సూర్యోదయ సమయం దానిని గణించిన ఊరిది. శ్రీకాకుళంలో సూర్యుడు ఉదయించిన తరువాత అనంతపురంలో ఉదయించడానికి ఇరవై నిమిషాల వరకు పడుతుంది. కాబట్టి మీ ఊరి సూర్యోదయ సమయాన్ని వేరుగా చూసి రాసిపెట్టుకోండి. మీ డాబా మీద నుంచి సూర్యుడు ఎన్ని గంటలకు, ఏ ఇంటి వెనుక నుంచి కనిపిస్తున్నాడో నాలుగు రోజుల ముందు ఒకసారి గమనించి ఉంచుకుంటే, పీట ఎక్కడ వేయాలో ఆ రోజు వెతుక్కోనక్కరలేదు.

ముందురోజు సాయంత్రం సమకూర్చుకోవలసినవి

స్నానానికి మనిషికి ఏడు చొప్పున జిల్లేడు ఆకులు, కొన్ని రేగుపండ్లు కావాలి. తెల్ల జిల్లేడు దొరికితే మంచిది; దొరకకపోతే ఊదారంగు పూల జిల్లేడుతో కానిస్తారు. అర్ఘ్యానికి, అంటే సూర్యునికి నీటిని సమర్పించడానికి, రాగి చెంబు, వెడల్పాటి పళ్లెం, రక్తచందనం, అక్షతలు, మందారం గాని ఎర్ర గన్నేరు గాని ఎర్రని పూలు ఉంచుకోండి. రథానికి లేత చిక్కుడు కాయలు, కొబ్బరి ఈనెలు. నైవేద్యానికి ఆవు పాలు, కొత్త బియ్యం, కొత్త బెల్లం, నెయ్యి, ఏలకులు, వడ్డించడానికి ఏడు చిక్కుడు ఆకులు. పొయ్యికి ఆవు పిడకలు, కర్పూరం సిద్ధం చేసుకోండి. బిల్వ పత్రాలు మాత్రం తేకండి. సూర్యునికి బిల్వం పనికిరాదని పూజా నియమం.

ధనుర్మాసంలో వాకిట పెట్టిన గొబ్బెమ్మలను గోడకు కొట్టి ఎండబెట్టిన పిడకలు ఇంట్లో ఉంటే, వాటికి సార్థకత ఈ రోజే. నెల రోజుల ముగ్గుల ముచ్చట రథసప్తమి పొయ్యిలో ముగియడం మన ఇళ్లలో చాలాకాలంగా వస్తున్న అందమైన ఏర్పాటు. అవి లేనివారు కొన్న పిడకలు వాడుకోవచ్చు, కాని కాస్త పచ్చిగా ఉన్నా పొగ తప్ప మంట రాదు. కొన్న వెంటనే ఒక పిడకను విరిచి చూడండి. లోపల కూడా తేలికగా, పొడిగా ఉండి పెళుసుగా విరిగితే అది బాగా ఎండినట్టు.

జిల్లేడు ఆకుల విషయంలో అశ్రద్ధ వద్దు. తుంచిన చోట కారే తెల్లని పాలు కంట్లో పడితే కంటి నల్లగుడ్డు దెబ్బతిని చూపు మసకబారే ప్రమాదముంది. చర్మం మీద కూడా కొందరికి దురద, మంట పుడతాయి. అందుచేత ఆకులను తెల్లవారుజామున చీకట్లో కోయకుండా ముందురోజు వెలుతురు ఉండగానే, చేతికి గుడ్డ చుట్టుకుని కోయండి. తొడిమలను కిందికి వంచి కాసేపు ఉంచితే పాలు కారిపోతాయి. తరువాత నీళ్లతో కడిగి, తొడిమ కొనను పాత గుడ్డతో తుడిచి, తడిబట్టలో చుట్టి ఉంచండి. ఆకులు పట్టుకున్న చేతులను సబ్బుతో కడుక్కునే దాకా కళ్లు నలుపుకోకూడదు. పొరపాటున కంట్లో పడితే ధారగా నీళ్లు పోసి కడిగి, ఆలస్యం చేయకుండా కంటి వైద్యుని దగ్గరకు వెళ్లండి.

చిక్కుడు కాయల రథం

పిల్లలు ఇష్టంగా కూర్చునే పని ఇది. రాత్రి భోజనాల తరువాత చేయించవచ్చు. ఒకే పొడవున్న ఏడు చిక్కుడు కాయలను పక్కపక్కన పేర్చి, రెండు చివరల దగ్గర అడ్డంగా ఈనెలు గుచ్చితే రథపు పీఠం తయారవుతుంది. నాలుగు మూలలా నిలువుగా ఈనెలు నిలిపి, పైన మరి మూడు కాయలను అదే విధంగా గుచ్చితే మండపమవుతుంది. ఈనెను కాయ అంచున గుచ్చితే చీలిపోతుంది కనుక, గింజ ఉన్న ఉబ్బెత్తు భాగం నుంచి పోనివ్వాలి. ఈనెలు పచ్చి కొబ్బరి మట్ట నుంచి తీసినవై ఉండాలి. వాడిన చీపురు పుల్లలు పూజకు పనికిరావు.

చక్రాల దగ్గర పిల్లలకు సందేహం వస్తుంది. సూర్యుని రథానికి ఉన్నది ఒకే చక్రం. ఆ చక్రమే సంవత్సరమని పురాణాలు చెబుతాయి. గుర్రాలు ఏడు. గాయత్రి, బృహతి, ఉష్ణిక్, జగతి, త్రిష్టుప్, అనుష్టుప్, పంక్తి అనే ఏడు ఛందస్సులే ఆ గుర్రాలు. సారథి అరుణుడు. సవతి కద్రువకు పిల్లలు ముందుగా పుట్టారన్న తొందరలో వినత తన రెండు గుడ్లలో ఒకదానిని గడువుకు ముందే చిదిపింది. అందులో నుంచి తొడలు లేకుండా బయటికి వచ్చినవాడు కనుక అతనికి అనూరుడని పేరు. నడవలేనివాడు లోకాన్ని నడిపే రథానికి సారథి అయ్యాడు. రథం చేస్తున్నంత సేపూ ఈ కథ చెబితే సరిగ్గా సరిపోతుంది. ఆసరా కోసం రేగుపండ్లతో నాలుగు చక్రాలు పెట్టినా దోషమేమీ లేదు.

పటం, మండలం

సూర్యుడు ప్రత్యక్ష దైవం. ఎదుట స్వామి ఉండగా పటం తప్పనిసరి కాదని నా అభిప్రాయం. ఆవాహన చేసుకోవడానికి ఒక ఆధారం కావాలనుకుంటే, రాగి పళ్లెంలో రక్తచందనంతో గుండ్రని మండలం, దాని చుట్టూ ద్వాదశాదిత్యులకు, అంటే పన్నెండుగురు ఆదిత్యులకు, గుర్తుగా పన్నెండు దళాలు గీయండి. పన్నెండు దళాలు సమానంగా రావాలంటే మొదట నాలుగు దిక్కులా నాలుగు దళాలు గీసి, ప్రతి రెండింటి మధ్య రెండేసి చొప్పున నింపాలి.

పటం పెట్టేవారు రెండు చేతులలో పద్మాలు ధరించి ఏడు గుర్రాల రథం మీద ఉన్న రూపాన్ని ఎంచుకోండి. సూర్యుని రూపం విషయంలో మత్స్య పురాణం ఒక విచిత్రమైన నియమం చెబుతుంది. భర్త తేజస్సును భరించలేక సంజ్ఞాదేవి తన నీడ అయిన ఛాయను తన స్థానంలో ఉంచి వెళ్లిపోయింది. తరువాత ఆమె తండ్రి విశ్వకర్మ సూర్యుణ్ణి సానపట్టి ఆ తేజస్సును తగ్గించాడు గాని, పాదాల కాంతిని మాత్రం చూడలేక విడిచిపెట్టాడు. అందుచేత సూర్యుని పాదాలను రూపించకూడదని ఆ పురాణం అంటుంది. ఉత్తరాది శిల్పాలలో సూర్యుని కాళ్లకు పొడవాటి పాదరక్షలు కనిపిస్తాయి. దక్షిణాది శిల్పులు ఈ నియమాన్ని పట్టించుకోలేదు. మన వైపు విగ్రహాలలో స్వామి పాదాలు చక్కగా కనిపిస్తాయి. శ్రీకాకుళం దగ్గరి అరసవల్లి సూర్యదేవాలయంలో ఏటా మార్చి, అక్టోబరు నెలల్లో కొన్ని రోజులు ఉదయకిరణాలు గర్భగుడిలోని స్వామి పాదాలను తాకడమే ఒక ఉత్సవం. కనుక పటంలో పాదాలు ఉన్నాయా లేవా అన్న సందేహంతో మీరు ఇబ్బంది పడనక్కరలేదు.

అరుణోదయ స్నానం

నది, చెరువు అందుబాటులో ఉన్నవారికి అక్కడ, లేనివారికి ఇంట్లోనే స్నానం. ఆకుల అమరికలో రెండు సంప్రదాయాలు ఉన్నాయి. తల మీద ఒకటి, భుజాల మీద రెండు, మోకాళ్ల మీద రెండు, పాదాల మీద రెండు ఉంచడం ఒకటి. ఏడింటినీ దొంతరగా తల మీదే ఉంచి, పైన రేగుపండు పెట్టి నీళ్లు పోసుకోవడం మరొకటి. మీ ఇంటి పెద్దలు ఏది చేసేవారో అదే చేయండి. తెలియకపోతే రెండవది సులభం. తల కొంచెం వెనక్కి వంచి, కళ్లు మూసుకుని, వెనుక వైపుగా నీళ్లు పోసుకుంటే ఆకుల మీది నీరు ముఖం మీదికి రాదు. చిన్నపిల్లలకు పెద్దలు దగ్గరుండి, బాగా కడిగిన ఒక్క ఆకు ఉంచి పోస్తే చాలు.

నీళ్లు పోసుకుంటూ చదివే శ్లోకం ఇది:

యద్యజ్జన్మకృతం పాపం మయా సప్తసు జన్మసు
తన్మే రోగం చ శోకం చ మాకరీ హంతు సప్తమీ

ఏడు జన్మలలో నేను చేసిన పాపాన్ని, దాని వల్ల కలిగిన రోగాన్ని, శోకాన్ని ఈ సప్తమి తొలగించుగాక అని భావం. రోగం పేరెత్తి అడగడం ఇక్కడ సహజమే, ఎందుకంటే ఆరోగ్యాన్ని భాస్కరుని వద్ద కోరుకోవాలన్నది పెద్దల మాట. కృష్ణుని కుమారుడు సాంబుడు కుష్ఠు రోగం పోగొట్టుకోవడానికి ఆశ్రయించినది సూర్యోపాసననే. అయితే ఈ స్నానాన్ని వైద్యానికి బదులుగా ఎవరూ భావించకూడదు. జ్వరంతోనో ఆయాసంతోనో ఉన్నవారు చలిలో తల తడుపుకోకుండా, వేడినీళ్లలో ముంచిన గుడ్డతో ఒళ్లు తుడుచుకుని నమస్కారం చేసుకుంటే సరిపోతుంది.

అర్ఘ్యం ఇచ్చే పద్ధతి

ఉతికిన బట్టలు కట్టుకుని, తులసికోట దగ్గర గాని డాబా మీద గాని నీళ్లు చల్లి, రథం ముగ్గు వేసి, దీపం వెలిగించండి. గాలికి దీపం ఆరిపోకుండా చుట్టూ అడ్డు పెట్టుకోవడం మంచిది. ఆచమనం చేసి, మీ గోత్రం, పేరు, కుటుంబ సభ్యుల పేర్లు చెప్పుకుని, ఆరోగ్యసిద్ధి కోసం సూర్యనారాయణ పూజ చేస్తున్నానని సంకల్పం చెప్పుకోండి. సంస్కృతంలో చెప్పడం రాకపోతే తెలుగులో చెప్పుకున్నా సంకల్పమే అవుతుంది.

రాగి చెంబు నిండా నీళ్లు తీసుకుని అందులో కొంచెం రక్తచందనం, అక్షతలు, ఒక ఎర్రని పువ్వు వేయండి. సూర్యబింబం కనిపించగానే లేచి నిలబడి, చెంబును రెండు చేతులతో గుండెకు పైఎత్తున పట్టుకుని ఈ శ్లోకం చదువుతూ నీటిని సన్నని ధారగా పళ్లెంలోకి వదలండి:

ఏహి సూర్య సహస్రాంశో తేజోరాశే జగత్పతే
అనుకంపయ మాం భక్త్యా గృహాణార్ఘ్యం దివాకర

ఇలా మూడుసార్లు ఇవ్వాలి. చెంబును మరీ ఎత్తి పట్టుకుంటే నీళ్లు చెదిరి పాదాల మీద పడతాయి. అర్ఘ్యజలం కాళ్ల మీద పడకూడదు కనుక పళ్లెం ఒక పీట మీద ఉంచుకుంటే ఇబ్బంది ఉండదు. చెంబు అంచును ఒక పక్కకు కొద్దిగా వంచితే ధార తెగకుండా పడుతుంది. పువ్వు ధారకు అడ్డుపడకుండా రెక్కలు విడదీసి వేసుకోవడం కూడా మంచి ఉపాయమే. పళ్లెంలోని నీటిని తరువాత ఎవరూ తొక్కని చోట, చెట్టు మొదట్లో పోయండి.

ఈ నీటి ధారకు ఒక కథ ఉంది. మందేహులనే రాక్షసులు రోజూ సూర్యునికి అడ్డుపడతారని, ఉపాసకులు మంత్రపూర్వకంగా వదిలిన నీరు వజ్రమై వారిని తరిమివేస్తుందని వేదం చెబుతుంది. సూర్యోదయమనే పనిలో చేతిలో చెంబుడు నీళ్లున్న మనిషికి కూడా భాగం కల్పించిన కథ ఇది. అర్ఘ్యాన్ని వేళ తప్పకుండా ఇవ్వమని పెద్దలు పట్టుబట్టడం దీని వల్లనే.

ధార గుండా సూర్యుణ్ణి చూడాలన్న మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. నీటి ధార కంటికి రక్షణ కాదు. చూపును ధార మీదనే నిలిపి, అందులో మెరిసే కాంతికి నమస్కరించండి. బింబాన్ని తేరిపార చూడవద్దు. ఆకాశం మబ్బు పట్టి ఉంటే సూర్యోదయ సమయానికి తూర్పు వైపు తిరిగి అర్ఘ్యం ఇచ్చేయవచ్చు.

నమస్కారాలు, స్తోత్రం

శివుడు అభిషేకప్రియుడు, విష్ణువు అలంకారప్రియుడు, భానుడు నమస్కారప్రియుడు అంటారు. అందుచేత పూజలో మిగతావి కుదరకపోయినా నమస్కారాలు మానవద్దు. మిత్రాయ, రవయే, సూర్యాయ, భానవే, ఖగాయ, పూష్ణే, హిరణ్యగర్భాయ, మరీచయే, ఆదిత్యాయ, సవిత్రే, అర్కాయ, భాస్కరాయ అనే పన్నెండు నామాలకు ముందు ఓంకారం, చివర నమః చేర్చి, ఒక్కొక్క నామానికి ఒక్కొక్క నమస్కారం చేయండి. ఆసనాలతో కూడిన సూర్యనమస్కారాలు అలవాటు ఉన్నవారు అలాగే చేయవచ్చు. మోకాళ్ల నొప్పులు ఉన్నవారు కుర్చీలో కూర్చుని చేతులు జోడించినా లోపమేమీ లేదు.

తరువాత ఆదిత్యహృదయం చదువుకోండి. రావణునితో యుద్ధంలో అలసి ఆలోచనలో పడిన రాముడికి అగస్త్యుడు ఉపదేశించిన ఈ స్తోత్రం వాల్మీకి రామాయణంలో యుద్ధకాండలో ఉంది. రాముడు ఆచమనం చేసి, శుచియై, మూడుసార్లు జపించాడని అక్కడే ఉంది కనుక ఓపిక ఉన్నవారు మూడుసార్లు పారాయణ చేస్తారు; ఒకసారి నిదానంగా చదవడానికి పది నిమిషాల లోపే పడుతుంది. అరుణ పారాయణ, మహాసౌరం వంటివి స్వరంతో కూడిన వేదభాగాలు. వాటిని గురుముఖంగా నేర్చినవారితో చేయించుకోవాలే గాని వీడియో చూసి అనుకరించడం సరికాదు.

పిడకల మీద పరమాన్నం

మూడు ఇటుకలు పేర్చి, వాటి మధ్య పిడక ముక్కలను గాలి ఆడేలా ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి, అడుగున కర్పూరం వెలిగించండి. పిడకలను కుక్కితే మంట నిలవదు. మొదటి పొగ తగ్గి నిప్పు ఎర్రబడిన తరువాత, అడుగున తడి బూడిద పూసిన మందపాటి ఇత్తడి గిన్నె పెట్టండి. బూడిద పూత ఉంటే మసి తేలికగా వదిలిపోతుంది. గిన్నెకు పసుపు రాసి కుంకుమ పెట్టి, ముందుగా పాలు పొంగనివ్వండి. గిన్నె తూర్పు అంచు రవ్వంత వాలుగా ఉంటే పొంగు తూర్పుకు వస్తుంది. అది శుభమని నమ్మకం.

గ్లాసు బియ్యానికి ఐదు గ్లాసుల పాలు, ఒక గ్లాసు నీళ్లు, ఒకటింబావు గ్లాసు తరిగిన బెల్లం సరిపోతాయి. పాలు పొంగిన తరువాత నానిన బియ్యం వేసి, చెరకు గడతో కలుపుతూ ఉడికించండి. పిడకల సెగ ఒకేలా ఉండదు కనుక అడుగంటకుండా దగ్గరే కూర్చోవాలి. అన్నం మెతుకు వేళ్ల మధ్య నలిపితే పూర్తిగా మెత్తబడిందని తెలిసిన తరువాతే గిన్నె దించి, సెగ కాస్త తగ్గాక బెల్లం కలపండి. ముందే వేస్తే మెతుకు ఉడకదు. మరుగుతున్నప్పుడు వేస్తే పాలు విరుగుతాయి. చివర నెయ్యి, ఏలకుల పొడి వేయాలి.

మెత్తగా ఉడకడానికి ఇంకొక కారణం కూడా ఉంది. ద్వాదశాదిత్యులలో ఒకడైన పూషుడికి దక్షయజ్ఞంలో పళ్లు ఊడిపోయాయి. ఆయనకు మెత్తని నైవేద్యమే పెట్టాలన్న ఆచారం యజ్ఞాల కాలం నుంచి ఉంది.

అపార్ట్‌మెంట్లలో ఉండేవారు బాల్కనీలో పిడకలు రాజేసి పక్కింటివారిని పొగతో ఇబ్బంది పెట్టవద్దు. డాబా మీద అనుమతి ఉంటే అక్కడ, లేకపోతే గ్యాస్ పొయ్యి మీద వండుకోండి. అర్ఘ్యం వేళకు పరమాన్నం సిద్ధం కాకపోయినా కంగారు పడకుండా, అర్ఘ్యం, నమస్కారాలు ముగించుకుని తీరిగ్గా నైవేద్యం పెట్టవచ్చు.

నైవేద్యం, ఆ తరువాత

ఏడు చిక్కుడు ఆకులను కడిగి తుడిచి, మండలం ముందు పరిచి, ఒక్కొక్క దానిలో కొద్దికొద్దిగా పరమాన్నం వడ్డించండి. చిక్కుడు రథాన్ని పక్కన ఉంచి, రేగుపండ్లు, చెరకు ముక్కలు కూడా నివేదించి, హారతి ఇచ్చి, మీరు నిలుచున్న చోటనే మూడు ఆత్మప్రదక్షిణలు చేయండి.

ఆ రోజు గుడికి వెళ్లాలనుకునేవారు ఇంటి పూజ ముగించుకుని బయలుదేరితే రెండూ కుదురుతాయి. అరసవల్లికి వెళ్లేవారికి మాత్రం ఇది వర్తించదు. అక్కడ ముందురోజు అర్ధరాత్రి నుంచే క్షీరాభిషేకం మొదలై, స్వామి నిజరూప దర్శనానికి జనం బారులు తీరతారు కనుక ప్రయాణం ముందుగానే నిర్ణయించుకోవాలి. తిరుమలలో మలయప్పస్వామి సూర్యప్రభ వాహనంతో మొదలుపెట్టి చంద్రప్రభ వాహనం వరకు ఒకే రోజున ఏడు వాహనాల మీద ఊరేగుతారు.

స్నానంలో వాడిన జిల్లేడు ఆకులను నీటి తూములో పడనివ్వకుండా ఏరి, పశువులు, పిల్లలు ముట్టని చోట గోతిలో పూడ్చండి. చిక్కుడు రథాన్ని మరునాడు ఉద్వాసన చెప్పి తీయాలి. అందులోని కాయలు వాడిపోకుండా ఉంటే కూరకు వాడుకునేవారూ ఉన్నారు, మొక్కల మొదట్లో వేసేవారూ ఉన్నారు. పిడకల బూడిద పూర్తిగా చల్లారిన తరువాత తులసికి దూరంగా, కూరపాదులకు పలుచగా చల్లండి. ఈ పూజను కొనసాగించాలనుకునేవారు ప్రతి ఆదివారం మూడు అర్ఘ్యాలు, పన్నెండు నమస్కారాలు, ఒక్కసారి ఆదిత్యహృదయం పెట్టుకుంటే చాలు. కొందరు ఆ పూట భోజనంలో ఉప్పు మానేస్తారు.